యంత్రబాహువు కీలులో చిన్న బేరింగు అమర్చు విధానము

పాఠకులు మోచేతిని ఒకసారి ముడిచి చాపి చూడవలెనని మా ప్రార్థన. ఎముకకు ఎముక రాచుకొను చప్పుడు వినబడదు. ఎముకల కొనలపై మృదులాస్థి అను నున్నని పొర కలదు. ఆ పొరల నడుమ జిగురువంటి ద్రవము కొంచెముగా ఊరుచుండును. అందుచేతనే చేయి ఎన్ని వేల పర్యాయములు ముడిచినను కీలు అరగదు, వణకదు. ప్రకృతి మన దేహములో చేసిన ఈ ఏర్పాటును యంత్రములో చేయుటకు మనుష్యుడు ఉక్కు గుండ్లను ఆశ్రయించెను. ఆ గుండ్లను కీలులో సరిగా కూర్చోబెట్టుట ఎట్లో, సరిగా కూర్చోబెట్టనిచో ఏమగునో, మేము నష్టపడి నేర్చుకొన్నదానిని ఈ వ్యాసములో నివేదించుచున్నాము.

గత విద్యాసంవత్సరములో మా కళాశాల విజ్ఞాన సంఘము తరఫున ఐదుగురము కలసి అల్యూమినియము పట్టీలతో ఒక యంత్రబాహువును నిర్మించితిమి. మాలో ఇద్దరు ఉర్దూ మాధ్యమమువారు, ముగ్గురు తెలుగు మాధ్యమమువారు. అందరికిని ఒకే నోటు పుస్తకము. ఉర్దూ వ్రాయువారు కుడివైపు నుండియు, తెలుగు వ్రాయువారు ఎడమవైపు నుండియు వ్రాసికొని వచ్చెడివారు. పటము నడుమ ఉండెడిది. కొలతల అంకెలు మాత్రము ఉభయులకు ఒకటే. సామగ్రికి కావలసిన ధనమును కళాశాల కమిటీవారు మంజూరు చేసిరి. ఆ బాహువు ఒక చిన్న మందు సీసాను పట్టుకొని, పీఠముపై తిరిగి, గీచిన వలయములో దింపవలెను. మా ప్రయోగశాలలో మూడు దినములు అది తప్పక దింపినది. ప్రదర్శన దినమున పరీక్షకుల యెదుట అర అంగుళము ప్రక్కకు దింపినది. మరల చేసితిమి, మరల అర అంగుళమే. “మోటారు దోషము” అని మేము సమాధానము చెప్పితిమి. అది అసత్యమని మాకు అప్పుడు తెలియదు.

తిరిగి వచ్చిన పిమ్మట, “ఇటువంటి పనులు ఇంజనీరింగు కళాశాలలకు తగును గాని మనకేల?” అను మాట ఒకటి వినబడినది. ఆ మాటకు కోపముతో బదులు చెప్పుట కంటె, తప్పు ఎచ్చట జరిగినదో లెక్కతో చూపుట మేలని తలంచితిమి. కావున ఈ వ్యాసము విద్యార్థి సోదర సోదరీమణులకు పాఠముగను, కమిటీ పెద్దలకు జమాఖర్చుగను ఉద్దేశింపబడినది.

బేరింగు స్వరూపము

బాల్ బేరింగు అనునది నాలుగు భాగముల సముదాయము. ఇరుసును పట్టుకొను లోపలి వలయము, గూటిలో కూర్చుండు బయటి వలయము, ఈ రెంటి నడుమ గాడిలో దొర్లు గుండ్లు, గుండ్లు ఒకదానినొకటి తాకకుండ ఎడముగా నిలుపు పంజరము. జారుటలో కంటె దొర్లుటలో ఘర్షణ తక్కువ యనునది భౌతికశాస్త్రములో మనము చదువుకొన్న విషయమే. బేరింగు ఆ సూత్రమునకు ఉక్కు రూపము.

దీని చరిత్ర చిన్నది కాదు. బండి ఇరుసునకు గుండ్లు అమర్చు విధమునకు వేల్సు దేశీయుడైన ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందెను. గుండ్లన్నియు ఒకే పరిమాణములో లేనిచో బరువంతయు పెద్ద గుండుపైననే పడును. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రెడరిక్ ఫిషర్ 1883లో గుండ్లను సమముగా సానబట్టు యంత్రమును కనుగొనుటతో ఆ చిక్కు విడినది. 1907లో స్వీడను దేశీయుడైన స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కొంత వంగినను తనంతట సర్దుకొను బేరింగును రూపొందించెను. 1961లో అమెరికాలోని ఒక మోటారు కార్ఖానాలో మొదటి పారిశ్రామిక యంత్రబాహువైన యూనిమేట్ పనిలో ప్రవేశించెను.

మేము వాడినది 608 అను సంఖ్యగల బేరింగు. పిల్లల చక్రపు బూట్లలో ఉండునది ఇదియే. రెండింటి వెల హోటలు భోజనపు వెలకు మించదు. లోపలి రంధ్రము 8 మి.మీ., బయటి వ్యాసము 22 మి.మీ., వెడల్పు 7 మి.మీ. ఇంతకంటె చిన్న కీళ్లకు 625 (రంధ్రము 5, వ్యాసము 16, వెడల్పు 5 మి.మీ.), వ్రేళ్లవంటి భాగములకు 623 (3, 10, 4 మి.మీ.) దొరకును. ఈ చిన్న బేరింగుల సంఖ్యలో కడపటి అంకె రంధ్రపు కొలతనే తెలుపును. 6204 వంటి పెద్దవానిలో కడపటి రెండు అంకెలను 5తో హెచ్చించిన రంధ్రపు కొలత వచ్చును. అనగా 20 మి.మీ. సంఖ్య వెనుక జెడ్ జెడ్ అని ఉన్నచో రెండు వైపులను రేకు మూతలు, టూ ఆర్ ఎస్ అని ఉన్నచో రబ్బరు మూతలు ఉన్నవని అర్థము.

మేము చేసిన పొరపాట్లు

ప్రదర్శన ముగిసిన వారమునకు బాహువును విప్పితిమి. మోటారులో దోషము లేదు. భుజపు కీలులోని బేరింగును వ్రేళ్లతో త్రిప్పగా, నున్నగా దొర్లుటకు మారుగా గింజలు తగిలినట్లు ఆగి ఆగి తిరిగినది. దానిని పట్టుకొని ఊరిలోని ఒక లేత్ పనివాని వద్దకు పోతిమి. అందరును ఆయనను ఉస్తాద్ అందురు. ఆయన బేరింగును చెవి వద్ద పెట్టుకొని ఒకసారి త్రిప్పి, “యే కిస్‌నే ఠోకా బేటా?” అని అడిగెను. దీనిని సుత్తితో కొట్టినదెవరని ఆయన ప్రశ్న. మేము ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి. కొట్టినది మేమైదుగురమును.

మా మొదటి తప్పు అదియే. రంధ్రము కొంచెము ఇరుకుగా ఉన్నందున, బేరింగు నడుమ కర్రముక్క ఉంచి సుత్తితో కొట్టి దించితిమి. కర్ర ఆనినది లోపలి వలయమునకు. బిగిసి ఉన్నది బయటి వలయము. కావున ప్రతి దెబ్బయు గుండ్ల గుండ పోయినది. గుండు గాడిని తాకు చోటు ఆవగింజలో శతాంశము కూడ ఉండదు. అంత చిన్న చోట దెబ్బ పడిన గట్టి ఉక్కైనను సొట్టపోవును. గట్టిదనమును గుండుతో నొక్కి కొలుచు పద్ధతిని 1900లో లోకమునకు తెలిపిన స్వీడను ఇంజనీరు బ్రినెల్ పేరిట ఈ సొట్టలను బ్రినెల్ గుర్తులందురు.

రెండవ తప్పు: రంధ్రమును డ్రిల్లుతో వేసి, చాలకపోగా అర్ధచంద్రపు ఆకురాయితో రాచితిమి. కంటికి గుండ్రముగానే కనిపించినది. కాని బేరింగు బయటి వలయము పలుచనిది. అది కూర్చున్న గూటి ఆకారమునే తానును పొందును. గూడు కోడిగ్రుడ్డు వలె ఉన్నచో వలయమును కోడిగ్రుడ్డే అగును.

మూడవ తప్పు: ఇరుసుగా 8 మి.మీ. బోల్టును వాడి, మరగల భాగముపైననే బేరింగును ఉంచితిమి. బోల్టు పేరునకు 8 మి.మీ. గాని, మరల శిఖరముల మీద స్క్రూగేజితో కొలువగా 7.85 మి.మీ. మాత్రమే ఉన్నది. అనగా 0.15 మి.మీ. వదులు.

నాలుగవ తప్పు: నట్టు క్రింద 24 మి.మీ. వెడల్పాటి వాషరు వేసితిమి. అది లోపలి వలయముతో పాటు 22 మి.మీ. బయటి వలయమును కూడ కప్పినది. నట్టు బిగించిన వెంటనే రెండు వలయములును ఒకటిగా బిగిసి కీలు కదలలేదు. కదలుటకై నట్టును అర చుట్టు వదులు చేసితిమి. అప్పుడు కీలు తిరిగినది. కాని మూడవ తప్పులోని వదులు అంతయు బయటపడినది.

ఇక లెక్క చూడవలెను. 7 మి.మీ. వెడల్పుగల బేరింగులో 0.15 మి.మీ. వదులున్నచో, ఇరుసు ఒక ప్రక్కకు 0.15/7 వంతు ఒరుగును. మా బాహువు పొడవు 300 మి.మీ. కొనయొద్ద ఆ ఒరుగు 300 × 0.15/7, అనగా సుమారు 6.4 మి.మీ. కుడివైపు 6.4, ఎడమవైపు 6.4, మొత్తము దాదాపు 13 మి.మీ. ఇదియే ఆ అర అంగుళము. మరి ప్రయోగశాలలో మూడు దినములు ఎట్లు సరిగా దించినది? అచ్చట బాహువు ఎల్లప్పుడును ఎడమ నుండి కుడికి తిరిగి ఆగెడిది. ఆగినపుడు ప్రతిసారి ఒకే ప్రక్కకు ఒరిగెడిది. ఆ ఒరుగును కలుపుకొనియే మేము వలయమును గీచితిమి. ప్రదర్శనశాలలో బల్ల మరియొక విధముగా వేసినందున కుడి నుండి ఎడమకు త్రిప్పవలసి వచ్చినది. బాహువు రెండవ ప్రక్కకు ఒరిగినది. దోషము మొదటి దినము నుండి ఉన్నది. ఒకే వైపు నుండి చూచుచుండుటచే మాకు కనబడలేదు.

బలముల లెక్క

బేరింగు బరువు మోయలేక చెడినదా యను సందేహము కొందరికి కలుగవచ్చును. అదియును లెక్కించితిమి. పీఠపు ఇరుసు నిలువుగా ఉండును. చాపిన చేయి దానిని వంచ జూచును. కొనయందలి సీసా, పట్టుకొమ్మ కలిపి 250 గ్రాములు, దూరము 0.3 మీటరు. చేతి బరువు 200 గ్రాములు; దాని గరిమనాభి 0.15 మీటరు దూరమున ఉన్నది. మొదటిదాని భ్రామకము 0.25 × 9.81 × 0.3 = 0.74 న్యూటను మీటర్లు. రెండవదానిది 0.2 × 9.81 × 0.15 = 0.29. మొత్తము 1.03. ఇరుసునకు 30 మి.మీ. ఎడముతో రెండు బేరింగులు ఉన్నచో ఒక్కొక్కదానిపై పడు బలము 1.03/0.03, అనగా సుమారు 34 న్యూటన్లు. మూడున్నర కిలోల బరువు.

608 బేరింగు కదలక నిలిచి మోయగల బరువు తయారీదారుల పట్టికలలో సామాన్యముగా 1300 న్యూటన్లకు పైగా ఉండును. గుండు, గాడి కలసి గుండు వ్యాసములో పదివేలవ వంతు శాశ్వతముగా నొక్కుకొనిపోవు బరువునే ఆ హద్దుగా లెక్కింతురు. మా బరువు ఆ హద్దులో ముప్పదవ వంతునకు కూడ చేరదు. కాబట్టి బేరింగు బరువునకు చెడలేదు. మా చేతులలో చెడినది. చిన్న యంత్రములలో బేరింగును ఎన్నుకొనుట సులభము, అమర్చుటయే కష్టము అనుటకు ఇది నిదర్శనము.

ఇచ్చట మరియొక విషయము గమనింపవలెను. చిన్న సర్వో మోటారు యొక్క ఇరుసు త్రిప్పుటకే గాని మోయుటకు కాదు. చేతి బరువును మోటారు ఇరుసునకే వ్రేలాడదీసినచో లోపలి పండ్లచక్రములు త్వరలో అరిగిపోవును. కీలు బరువును బేరింగు మోయవలెను. మోటారు కేవలము త్రిప్పవలెను. రెండు పనులను ఇద్దరికి పంచుటయే కీలు నిర్మాణములో మొదటి నియమము.

బిగువు, వదులు

రెండు వలయములలో ఒకటి బిగువుగను, రెండవది చేతితో జారునట్లును ఉండవలెను. రెంటిని గట్టిగా బిగించిన అమర్చుటయు విప్పుటయు కష్టమగును. రెంటిని వదులుగా విడిచిన వలయము గూటిలో ప్రాకి గూటినే తినివేయును. ఎడతెగక తిరుగు యంత్రములలో, బరువు దిక్కును బట్టి చూచిన తిరుగుచుండు వలయమును బిగువుగా ఉంచుట ఆచారము. మన బాహువు పూర్తి చుట్టు తిరుగదు, ఊగి ఆగును. కావున మేము బయటి వలయమును పట్టీ గూటిలో కొద్ది బిగువుతో కూర్చోబెట్టి, లోపలి వలయమును నున్నని ఇరుసుపై చేతితో జార్చి, పిమ్మట నట్టుతో అదుమునట్లు ఏర్పరచుకొంటిమి.

ఎంత బిగువు? సామాన్యపు 608 బేరింగులో గుండ్లకును గాడికిని నడుమ ఉండు వదులు 0.002 నుండి 0.013 మి.మీ. మాత్రమే. బయటి వలయమును 0.02 మి.మీ. ఇరుకైన గూటిలోనికి దింపినచో వలయము ముడుచుకొని ఆ వదులు హరించును; కీలు బరువెక్కి తిరుగును. బేరింగు బయటి వ్యాసము 22 మి.మీ. నుండి 0.009 వరకు తక్కువ ఉండవచ్చును గాని ఎక్కువ ఉండదు. కాబట్టి గూడు బేరింగు కంటె నూరవ వంతు మిల్లీమీటరుకు మించి చిన్నదిగా ఉండరాదు.

నూరవ వంతును కొలుచుట ఎట్లు? ప్రయోగశాలలో మనము వాడు వెర్నియరు పదవ వంతు వరకే చూపును. స్క్రూగేజి నూరవ వంతు చూపును గాని దానితో ఇరుసును కొలువగలము, రంధ్రమును కొలువలేము. ఉస్తాద్ దీనికి తేలికైన ఉపాయము చెప్పెను. లేత్‌పై రంధ్రమును కొంచెము కొంచెముగా పెంచుచు, ప్రతిసారి బేరింగునే దగ్గర చేర్చి చూడవలెను. అంచు పట్టుకొని నిలిచి, బొటనవ్రేలితో నొక్కిన దిగకున్నచో అచ్చట ఆపవలెను. వ్రేలితో దిగినచో అది వదులు గూడు. ఇరుసునకు మరల బోల్టును విడిచి, నున్నని ఉక్కు కడ్డీని తెచ్చితిమి. స్క్రూగేజిపై అది 7.98 మి.మీ. చూపినది. దాని రెండు కొనలకు మాత్రమే మరలు కోయించితిమి.

అమర్చు క్రమము

మొదట పని చేయు బల్లను తుడిచి తెల్లని కాగితము పరువవలెను. బేరింగు పొట్లమును అమర్చు నిమిషము వరకు విప్పరాదు. గూటి అంచునకు సన్నని ఏటవాలు తీయవలెను. అది లేనిచో వలయము పదును అంచుపై ఒరిగి చిక్కుకొనును. గూటి అడుగున బయటి వలయము ఆనుటకు ఒక మెట్టు ఉండవలెను. ఆ మెట్టు బయటి వలయమునకు మాత్రమే తగులవలెను.

రెండవది నొక్కుట. ఏ వలయము బిగువుగా దిగవలెనో ఆ వలయముపైననే బలము పడవలెను. ఇది ఈ వ్యాసమంతటికిని ప్రాణము. గూటిలో దింపునపుడు బయటి వలయమును మాత్రమే తాకు గొట్టపు ముక్కను ఉంచి, బల్లవైసు నోట పెట్టి మెల్లగా పిడి త్రిప్పవలెను. చెడిపోయిన మా పాత 608 బేరింగునే బయట కొంచెము సానబట్టి, ముఖమున లోపలి వలయము తగులకుండ అరగదీసి, నొక్కు సాధనముగా చేసికొంటిమి. చెడినది కూడ పనికి వచ్చినది. ఇరుసుపైకి ఎక్కించునపుడు మాత్రము లోపలి వలయమును నొక్కవలెను.

వైసు లేనివారికి మరియొక మార్గము కలదు. అల్యూమినియము వేడికి బాగుగా వ్యాకోచించును. ఒక్కొక్క డిగ్రీకి పది లక్షలలో 23 వంతులు పెరుగును. గదిలో 30 డిగ్రీలున్న పట్టీని మరుగు నీటిలో ముంచిన 70 డిగ్రీలు పెరుగును. 22 మి.మీ. గూడు 22 × 70 × 0.000023, అనగా సుమారు 0.035 మి.మీ. విచ్చుకొనును. పట్టీని పటకారుతో తీసి, తడి లేకుండ తుడిచి, చల్లని బేరింగును నిలువుగా విడిచినచో తన బరువుతోనే దిగును. పట్టీ చల్లారిన పిమ్మట తానే పట్టుకొనును. సుత్తి అవసరమే లేదు. బేరింగును మాత్రము మంటపై ఉంచరాదు. లోపలి గ్రీజు, మూతలు పాడగును.

మూడవది కాపుదల. నొక్కి దింపిన బేరింగు వెనుకకు రాకుండ గూటి నోట గాడిలో సర్క్లిప్పు వేయవచ్చును, లేదా పలుచని రేకును మూడు స్క్రూలతో బిగింపవచ్చును. గూడు కొంచెము వదులైనపుడు బేరింగులకై అమ్ము బిగింపు జిగురును చుక్క మాత్రము గూటి గోడకు పూయవచ్చును. ఎక్కువైనచో అది ప్రాకి గుండ్లను అంటించివేయును.

నాలుగవది వాషరు. నట్టు క్రింది వాషరు లోపలి వలయమునకు మాత్రమే ఆనవలెను. 608లో ఆ వలయపు ముఖము సుమారు 12 మి.మీ. వ్యాసము వరకే ఉండును. కనుక వాషరు 12 మి.మీ. దాటరాదు. మా కీలు చెడుటకు కారణమైన వాషరు కూడ సామాన్యముగా దుకాణములో ఇచ్చునదియే.

రెండు బేరింగులు ఎందుకు

ఒకే బేరింగు బరువును మోయును గాని ఒరుగును ఆపలేదు. ఒక కాలిపై నిలిచినవానిని తోయుట సులభము. రెండు కాళ్లు ఎడముగా పెట్టినవానిని తోయుట కష్టము. లెక్కలోను అంతే. 0.02 మి.మీ. వదులు 7 మి.మీ. వెడల్పుపై ఉన్నచో 300 మి.మీ. కొనయొద్ద 0.86 మి.మీ. అగును. అదే వదులు 30 మి.మీ. ఎడముపై ఉన్నచో 0.2 మి.మీ. మాత్రమే. బేరింగు మార్చకుండ, ఎడము పెంచుటచేతనే దోషము నాలుగవ వంతునకు దిగినది.

అందుచే పట్టీకి మారుగా అల్యూమినియపు గూటి గొట్టము నొకటి చేయించితిమి. దాని రెండు కొనల రెండు బేరింగులు, ఒక్కొక్కటి లోపలి మెట్టునకు ఆని కూర్చున్నవి. లోపలి వలయముల నడుమ ఇరుసుపై ఒక స్పేసరు గొట్టము వేసితిమి. ఈ స్పేసరు పొడవులోనే రహస్యమున్నది. మెట్ల నడుమ దూరము కంటె స్పేసరు పొడవైనచో గుండ్ల వదులు అట్లే మిగులును. కొంచెము పొట్టిదైనచో, నట్టు బిగించినపుడు లోపలి వలయములు రెండును ఒకదానివైపు ఒకటి లాగబడి, గుండ్లు గాడి ప్రక్కలకు ఆని వదులు పోవును. మరీ పొట్టిదైనచో గుండ్లు నలిగి కీలు బిగిసిపోవును. మేము స్పేసరును మొదట కొంచెము పొడవుగానే కోయించి, అద్దపు పలకపై పరచిన ఎమెరీ కాగితముపై నిలువుగా రాచుచు, ప్రతిసారి బిగించి చూచితిమి. పదునొకండవ మారునకు ఊపిన కదలక, త్రిప్పిన బరువెక్కక కుదిరినది. నట్టు తిరిగి వదులు కాకుండ లోపల నైలాను వలయముగల నట్టును వాడితిమి.

పరీక్ష, సంరక్షణ

అమర్చిన పిమ్మట కీలును చేతితో మెల్లగా త్రిప్పవలెను. ఎచ్చటను గింజ తగిలినట్లు ఉండరాదు. కొన పట్టుకొని ప్రక్కకు ఊపవలెను; టక్కుమను శబ్దము రారాదు. పిదప కొలువవలెను. ఉస్తాద్ వద్ద డయలు గేజి ఎరువు తెచ్చి, పీఠమును వైసులో బిగించి కొనయొద్ద చూచితిమి. పూర్వము 13 మి.మీ. ఉన్న ఊపు 0.6 మి.మీ.కు దిగినది. మిగిలినది పట్టీల వంగుటయే గాని కీలుది కాదు.

మూతలున్న బేరింగును కిరోసినుతో కడుగరాదు. లోపలి గ్రీజు కరగిపోవును, మురికి లోపలికి చేరును. తెరచిన బేరింగునైతే కడిగి, ఆరబెట్టి, కొంచెము గ్రీజు పెట్టవచ్చును. యంత్రబాహువు దినమంతయు ఒకే చిన్న కోణములో ఊగుచుండినచో గుండ్ల క్రింది గ్రీజు తొలగి, సుత్తి తగులకుండనే గాడిలో గుంటలు పడును. వారమునకొకసారి కీలును దాని పూర్తి మేర త్రిప్పిన గ్రీజు మరల పరచుకొనును.

ఈ దినములలో త్రీడీ ముద్రణ యంత్రముతో ప్లాస్టికు కీళ్లు చేయు విద్యార్థులు పెక్కుమంది ఉన్నారు. వారికి రెండు సూచనలు. ముద్రించిన రంధ్రము గీచిన కొలత కంటె సామాన్యముగా చిన్నదిగా వచ్చును. కనుక కీలంతయు ముద్రింపక మునుపు 22.0, 22.1, 22.2, 22.3 మి.మీ. రంధ్రములుగల నాలుగు చిన్న ఉంగరములను ముద్రించి బేరింగును పరీక్షింపవలెను. పి.ఎల్.ఎ. అను ప్లాస్టికు 60 డిగ్రీల దాపున మెత్తబడును. బిగువులో ఉన్నచో అంతకు తక్కువ వేడియందును క్రమముగా వదులగును. మన మే నెల ఎండలో మూసిన కారులో ఉంచిన కీలు సాయంకాలమునకు వదులగుటలో ఆశ్చర్యము లేదు. అట్టి కీలునకు బిగువును నమ్ముకొనక రేకు మూతతో స్క్రూలు బిగించుట మేలు.

ముగింపు

ఇప్పుడు మా బాహువు ఎడమ నుండి వచ్చినను, కుడి నుండి వచ్చినను సీసాను వలయములోనే దింపుచున్నది. ఈ మార్పునకు క్రొత్త మోటారు కొనలేదు. నాలుగు బేరింగులు, ఒక ఉక్కు కడ్డీ, ఒక గొట్టము, కొంత లేత్ కూలి, ఇంతే వ్యయము. మొదటి ఖర్చులో వృథా అయినది చెడిన బేరింగు మాత్రమే. అదియును నొక్కు సాధనముగా మారినది. పరీక్షకుల యెదుట మోటారుపై నెట్టిన నిందను ఈ పుటలలో ఉపసంహరించుకొనుచున్నాము.

కమిటీ పెద్దలకు మా విన్నపము రెండు వస్తువులకు: ఒక బల్లవైసు, ఒక డయలు గేజి. పై లెక్కలను చదివినవారికి వీని అవసరమును వేరుగా చెప్పనక్కరలేదు. రాబోవు తరగతి విద్యార్థులకు మా నోటు పుస్తకమును ప్రయోగశాల బీరువాలో ఉంచితిమి. కుడి నుండి చదివినను, ఎడమ నుండి చదివినను నడుమ ఉన్న పటము ఒక్కటే. పటము క్రింద ఉస్తాద్ మాటను రెండు లిపులలోను వ్రాసితిమి: “హథోడా బాజూ రఖో.” సుత్తిని ప్రక్కన పెట్టుము అని దాని అర్థము.